తెల్లరాయిలో కెంపు

చేతులు కడుక్కోవడానికి చెంబెడు నీళ్లు అడిగాడు, వచ్చినవాడు.

భోజనానికేమో అనుకుంది సారమ్మ. మిట్టమధ్యాహ్నం పెంటపాడులో గుమ్మం ముందు నిలబడ్డ కొత్త మనిషి ఇంకెందుకు అడుగుతాడు?

"అన్నానికి కాదమ్మా. మీ ఇంట్లో ఉన్న రాయి ఒక్కసారి చూద్దామనండి."

పేరు అబ్బులు అన్నాడు. కొల్లేట్లో పందిరిలంక అన్నాడు. బర్మాలో, కెంపుల గోతుల్లో, మీ అబ్బాయి విశ్వాసంతో కలిసి పనిచేశానన్నాడు. మాటకీ మాటకీ మధ్య దగ్గాడు.

కొడుకు పేరు వినగానే సారమ్మ లోపలికెళ్లి బైబిలు పక్కనున్న గుడ్డమూట తెచ్చింది.

విశ్వాసం పంతొమ్మిది వందల ముప్పై ఒకటిలో గొయ్యి కూలి పోయాడు. నెల తిరక్కుండా తోటికూలీల చేతిమీదుగా ఆ మూట వచ్చింది. అందులో ఈ రాయి, 'మీ అబ్బాయికి దొరికింది' అని ఒక కాగితం ముక్క. ఎవరు పంపారో లేదు.

అబ్బులు తడి చేతులు పంచెకి తుడుచుకుని రాయి అందుకున్నాడు. పిడికెడు తెల్లరాయి. అందులో సగం దిగబడి, చిటికెన వేలి కొసంత కెంపు. ఆరు పలకలు. ఉలి తగలని పలకలు.

"దీన్ని అమ్ముతారా అమ్మా?"

"అమ్మాలి నాయనా. ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల చేలు కోశాం. వాడి కష్టంతో అరెకరం కొంటే, చచ్చేలోగా మా చేలో మేం కోసుకుంటాం."

"అయితే పగలగొట్టకండి. సాన పట్టించకండి. మద్రాసులో ఒక దొరగారున్నారండి. రాళ్లు పోగుచేస్తారు. నగలకి కాదు, చూసుకోడానికే. భూమిలో ఎలా పుట్టిందో అలాగే కావాలాయనకి. ఆరోజుల్లో మా గోతుల దగ్గరికీ వచ్చేవారు. గూడెం స్టేషన్లో గుమాస్తాగారిచేత ఉత్తరం రాయించానండి. జవాబు మీ ఇంటికే వస్తుంది. ఒక్క పదిరోజులు ఓపిక పట్టండి."

అప్పుడే బడినుంచి వచ్చాడు పెద్దకొడుకు జ్ఞానయ్య. మిషను బళ్లో మాస్టరు. చదువుకున్నవాడి అనుమానానికి మందు లేదు.

"తెల్లరాయి తీయొద్దా? ఎందుకూ? మట్టిరాయి కింద జమకట్టి చౌకగా కొట్టేద్దామనా?"

"కాదు మాస్టారండీ..."

"ఎవరు పంపితే వచ్చావు? అసలా రాయి మీద నీకేం హక్కుంది?"

అబ్బులు రాయివంక చూశాడు. సారమ్మవంక చూశాడు.

"ఏం లేదండీ" అన్నాడు.

మూట సారమ్మ చేతిలో పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. మంచినీళ్లయినా తాగలేదు. చినుకులు పడుతున్నాయి.

"పదిరోజులేగా, చూద్దాం రా" అంది సారమ్మ.

జ్ఞానయ్య పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాలుగోరోజున రాయి పట్టుకుని ఏలూరు వెళ్లాడు.

కంసాలి రాయిని అటూ ఇటూ తిప్పాడు.

"ముట్టుకోబుద్ధి కావడం లేదండీ. దెబ్బ వేస్తే నా పూచీ లేదు మరి."

"కెంపుని తెల్లరాయితో కలిపి తూస్తారా? వెయ్యవయ్యా."

ఒక్కటే దెబ్బ. కెంపు నాలుగు ముక్కలైంది.

"లోపలంతా నెర్రెలేనండీ. ముక్కుపుడకకి కూడా రావు" అన్నాడు కంసాలి, తనే తప్పు చేసినట్టు.

ముక్కలు తెచ్చి తల్లి ముందు పెట్టాడు జ్ఞానయ్య. సారమ్మ ఒక్కొక్కటే ఏరి, ఆ ముక్కల్ని గుడ్డలో కట్టి మళ్లీ బైబిలు పక్కనే పెట్టింది. ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు.

తొమ్మిదోరోజున ఉత్తరం వచ్చింది. మద్రాసు ముద్ర. 'అబ్బులు, సారమ్మగారి ఇల్లు, పెంటపాడు.'

రాయి పగలగొట్టించినవాడు కవరు చింపడానికి మాత్రం వెనకాడాడు. పరాయివాళ్ల ఉత్తరం విప్పకూడదని పిల్లలకి చెప్పే మాస్టరాయె.

"వెళ్లి అతని చేతికే ఇచ్చిరా. తప్పయిపోయిందని చెప్పు. కాళ్లు పట్టుకో, పరవాలేదు" అంది సారమ్మ.

ఏలూరు దాకా బండి, అక్కణ్ణుంచి పడవ. కొల్లేరు ఆ రోజు బూడిదరంగులో ఉంది. పందిరిలంకలో అబ్బులు ఇల్లడిగితే ఒక గుడిసె చూపించారు. గుమ్మంలో అతని అక్క కూర్చుని ఉంది.

"అబ్బులు లేడాండీ?"

"తమ్ముడు పోయి నాలుగురోజులైంది బాబూ. గోతుల్లో పట్టిన దగ్గు. దానికితోడు ఎక్కడికో వెళ్లి వానలో తడిసొచ్చాడు."

జ్ఞానయ్య గుమ్మం పక్కనే కూర్చుని కవరు ఆమె ముందు పెట్టాడు.

"ఉత్తరమాండీ? మాకు చదువెక్కడిది, మీరే చదివి పెట్టండి" అంది అక్క. "వాడికెవరు రాస్తారండీ? అన్నేళ్లు ఆ దేశంలో ఉండి ఒక్క కానీ డబ్బు తేలేదు. చేతకానివాడండీ మా తమ్ముడు."

ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. జ్ఞానయ్య ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాడు.

"'ఆ రాయి నాకు బాగా గుర్తుంది. అమ్మమని అప్పుడే అడిగాను, నువ్వు ఇవ్వలేదు. ఇప్పుడు ఎకరం పొలానికి సరిపడా ఇస్తాను. సొమ్మంతా సారమ్మ చేతికే అందేలా చూస్తాను.'"

ఆపేశాడు.

"ఇంకా ఉందాండీ?"

ఉంది. జ్ఞానయ్య చివరి వాక్యం ముందు తనలో చదువుకుని, పైకి చదివాడు.

"'నా అల్మారాలో ప్రతి రాయి కిందా, అది దొరికినవాడి పేరు చీటీ మీద రాస్తాను, నువ్వు కోరినట్టే దీనికి విశ్వాసం పేరే రాస్తాను కాని, అబ్బులూ, అతన్ని పూడ్చిపెట్టిన వారానికి ఈ కెంపుని గోతిలోంచి తీసుకొచ్చి నాకు చూపించింది నువ్వే కదా.'"