మిడ్‌టర్మ్ దెబ్బ

ఐదు సీట్లకు ఐదూ పోయాయి.

కెనడాలోని హాలిఫాక్స్ తెలుగు విద్యార్థి సంఘంలో ప్రెసిడెంట్ పదవి రెండేళ్ళు. మధ్యలో కమిటీకి ఎన్నికలు. అమెరికాను చూసి ఎవరో పెట్టిన ముచ్చట. ఆ మిడ్‌టర్మ్‌లో ప్రెసిడెంట్ భరద్వాజ్ నిలబెట్టిన వాళ్ళలో ఒక్కరూ గట్టెక్కలేదు. అన్నీ నిఖిల ప్యానెల్ ఊడ్చేసింది.

హాల్లో అందరూ పరామర్శకు వచ్చినట్టు అతని చుట్టూ చేరారు.

“నీ తప్పేం లేదన్నా” అంది గెలిచిన నిఖిల కూడా.

భరద్వాజ్ తల దించుకున్నాడు. పెదవులు వణికాయి.

మర్నాడే కాశీవిశ్వనాథం గారి దగ్గరికి పరుగెత్తాడు. ఆయన యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ చెబుతారు.

“సార్, మిడ్‌టర్మ్‌లో దెబ్బతిన్న ప్రెసిడెంట్ మళ్ళీ గెలుస్తాడా?”

“అమెరికాలో అది మామూలేనయ్యా. మిడ్‌టర్మ్‌లో సీట్లు పోతాయి, రెండేళ్ళకి చాలామంది మళ్ళీ గెలుస్తారు. ముందు జనం కోపం చూపిస్తారు. తర్వాత మనిషిని చూసి ఓటేస్తారు. పైగా ఇప్పుడు కమిటీ వాళ్ళ చేతికి పోయింది కదా, తిట్లలో సగం వాళ్ళకి.”

భరద్వాజ్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “ఓడినవాళ్ళూ ఉన్నారు కదా సార్?”

“ఉన్నారు. ఎకానమీ బాగాలేకపోతే కష్టమే.”

ఫెర్రీలో ఇంటికి వస్తూ ఆ మాటే తలచుకున్నాడు. ఎకానమీ సంగతి చెప్పనక్కర్లేదు. ప్రతి అడ్మిషన్ల సీజన్‌కీ విమానాల నిండా మనవాళ్ళే దిగుతున్నారు. బేస్‌మెంట్‌లో పరుపు వేసుకునే చోటుకి కూడా వెయిటింగే. పార్ట్‌టైమ్ జాబ్ దొరికినవాణ్ణి పెళ్ళికొడుకులా చూస్తున్నారు. దొరకనివాళ్ళంతా ఫోన్ చేసేది ప్రెసిడెంట్‌కే. చదువు ముగించి ఇంటినుంచే ఐటీ ఉద్యోగం చేసుకుంటున్న భరద్వాజ్‌ని, పికప్‌లకి తిరగ్గా తిరగ్గా, ఎయిర్‌పోర్ట్‌లో అందరూ టాక్సీ డ్రైవర్ అనుకుంటున్నారు.

ఇంటికి చేరేసరికి భార్య స్నేహ ఫోన్. విమానమెక్కి వెళ్ళాల్సినంత దూరంలో, హామిల్టన్‌లో హాస్పిటల్ ఉద్యోగం ఆమెది.

“మిడ్‌టర్మ్ ఏమైంది?”

“మొత్తం పోయింది.”

“మరి మెయిన్ ఎలక్షన్?”

“ఇప్పుడే ఏం చెప్పలేం. హోప్ అయితే ఉంది.”

“నీ హోప్‌లు నాకు తెల్వవా!” అని పెట్టేసింది.

ఏడాది తిరిగింది. కుర్రాళ్ళే అతని పేరు మీద నామినేషన్ వేసేశారు. ఎవరినైనా కాదనడం బుద్ధెరిగాక ఎప్పుడూ చేతకాలేదు భరద్వాజ్‌కి. అవతల నిఖిల గట్టిగా తిరుగుతోంది. అతనికి సరిగ్గా నిద్రపట్టడం లేదు.

చివరి మీటింగులో మైకు పట్టుకున్నాడు.

“నా సంగతి మీకు ఎరుకే. దీపావళి ఫంక్షన్‌కి బిర్యానీ ఆర్డర్ ఇయ్యడం మర్చిపోయింది నేనే. పికప్‌కి పోయి, ఎవరో గుజరాతీ పిల్లల్ని తెచ్చి మన బేబీ ఆంటీ ఇంట్లో దింపింది నేనే. ప్రెసిడెంట్‌గా నేను నేర్చుకున్నది పార్కింగ్ ఒక్కటే, అదీ పూర్తిగా రాలే. నిఖిల నాకన్నా తెలివైంది. బాగా ఆలోచించి ఓటెయ్యండి.”

హాలు నవ్వులతో ఊగిపోయింది. చప్పట్లు ఆగలేదు. “ఎంత నిజాయితీ రా అన్నకి!” అన్నారెవరో. నిఖిల తల పట్టుకుంది.

ఫలితం రానే వచ్చింది. నిఖిలకి సొంత ప్యానెల్ ఓట్లు కూడా పూర్తిగా పడలేదు. కుర్రాళ్ళు భరద్వాజ్‌ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. అతని కళ్ళు చెమర్చాయి.

“చెప్పానా!” అన్నారు కాశీవిశ్వనాథం గారు కింద నుంచి.

దించాక ఓ మూలకి వెళ్ళి స్నేహకి ఫోన్ చేశాడు.

“చెప్పు, ఏమైంది? ఇక్కడికి టికెట్ బుక్ చెయ్యనా?”

“సారీ స్నేహా... ఎంత కష్టపడ్డా ఓడిపోలేకపోయాను.”