రెక్క కిందికి రా

మంత్రగత్తె పిలిచింది. మొదటి వరసలో ఒక పిల్ల లేచి నిలబడింది.

కత్తెరమ్మ కుర్చీ అంచుకి జరిగింది.

ఆవిడ అసలు పేరు అది కాదు. ఏ సినిమా ఏ వయసువాళ్ళు చూడొచ్చో తేల్చే సంఘంలో తల్లుల తరఫున కూర్చున్న ఇల్లాలు ఆవిడ. ఆవిడ చూపు పడ్డాక ఏ సినిమా అయినా నిడివి తగ్గకుండా బయటికి రాదని సినిమావాళ్ళు చాటుగా పెట్టుకున్న పేరది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. తెలిసినట్టు కనపడదు.

పిల్లల సినిమా అంటే పిల్లల్ని కూర్చోబెట్టి చూపించాల్సిందేనని ఆవిడ పట్టు. అందుకే ఈ సినిమాకి పనిచేసినవాళ్ళ పిల్లల్ని పోగుచేసి తెచ్చారు. మిగతా సభ్యులు తెర చూస్తారు. కత్తెరమ్మ మాత్రం పక్కగోడ దగ్గర కుర్చీ వేయించుకుని పిల్లల ముఖాలు చూస్తుంది. ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడాలి గానీ గిన్నెను చూస్తే ఏం తెలుస్తుంది అంటుంది.

తెర మీద పొద్దు పొడవని అడవి. పిల్లల నీడల్ని ఏరుకు తినే మంత్రగత్తె. కాలిన చెట్టు బెరడులాంటి ముఖం. కళ్ళుండాల్సిన చోట రెండు గుంటలు. వీపున తడిసిన నల్లటి రెక్కలు. అది అరవదు, తరమదు. మెత్తగా పిలుస్తుంది.

"చలేస్తోందా కన్నా? రా... నా రెక్క కిందికి రా."

హాల్లో పిల్లలు కుర్చీల్లోకి కుంగిపోయారు. ఒకడు చొక్కా ముఖం మీదికి లాక్కున్నాడు. ఇద్దరు బావురుమన్నారు. లేచిన పిల్ల మాత్రం నడక మొదలుపెట్టింది. ఐదేళ్ళుంటాయేమో. రెండు జడలు, ఒకటి పైకి, ఒకటి కిందికి.

"ఏయ్ పాపా, కూర్చో!" అన్నారెవరో.

"రా కన్నా..." అంది మంత్రగత్తె.

"వస్తున్నా," అంది పిల్ల.

తెర పక్కనున్న నల్లటి స్పీకరు పెట్టె దాకా వెళ్ళింది. దానికి చెంప ఆనించి కళ్ళు మూసుకుంది. పెట్టె అదురుతోంది. పిల్ల అదరటం లేదు.

మంత్రగత్తె మాట ఆగగానే తిరిగొచ్చి కూర్చుంది. మళ్ళీ పిలవగానే మళ్ళీ లేచింది, తాడు కట్టి లాగినట్టు. ఆ తర్వాతి పిలుపుకి ఆ పిల్ల వెనకే ఇంకో బుడ్డోడు కూడా లేచాడు. వాళ్ళమ్మ వాణ్ణి రెక్క పట్టుకుని వెనక్కి గుంజింది.

కత్తెరమ్మ ఇన్నేళ్ళలో పిల్లలు ఏడవటం చూసింది, కుర్చీలు తడపటం చూసింది. ఇలా వెళ్ళిపోవటం చూడలేదు.

లైట్లు వేశారు. పిల్లల్ని బయటికి పంపేశారు.

"నా బళ్ళో పిల్లలు ఒక్క పిలుపుకి ఇలా వచ్చి ఉంటే నా జుట్టు నాకుండేది," అన్నాడు రిటైరైన హెడ్మాస్టరు, బట్టతల తడుముకుంటూ.

"పిల్లల కోసమే తీశానమ్మా," అన్నాడు దర్శకుడు.

"ఎందుకు, ఎత్తుకుపోవడానికా?"

"ఆ ముఖం చూసి మీరు కంగారు పడుతున్నారు. అదంతా కంప్యూటర్లో చేసిందేనమ్మా."

"ముఖంతో నాకు పేచీ లేదండీ. అరిచే దెయ్యాన్ని చూస్తే పిల్లలు పారిపోతారు. ముద్దుగా పిలిచేదాని దగ్గరికే పోతారు. రేపు వీధిలో ఎవడో ఇలాగే పిలుస్తాడు. అప్పుడేం చేస్తాం?"

పిల్లల డాక్టరు తలూపాడు. "ఆవిడ చెప్పింది నిజం. ఆ గొంతులో ఏదో ఉంది."

"ఆ గొంతు తీసెయ్యండి," అంది కత్తెరమ్మ. "గరగరలాడేది ఏదైనా పెట్టండి, చిన్నపిల్లలు కూడా చూడొచ్చని ఇచ్చేస్తాం. అదే ఉంచుతానంటే పన్నెండేళ్ళు నిండినవాళ్ళే చూడాలి."

దర్శకుడు తలుపు వైపు ఓసారి చూసి తల దించుకున్నాడు. పిల్లలు రాకపోతే సినిమా మునుగుతుంది.

"మార్చేస్తానమ్మా," అన్నాడు నెమ్మదిగా. "ఆ గొంతు ఒక్క ముక్క కూడా మిగలదు."

కత్తెరమ్మ ఊపిరి పీల్చుకుని బయటికొచ్చింది. వరండాలో ఆ పిల్ల బల్ల మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. తండ్రి జడ రిబ్బను ముడి వేయలేక తంటాలు పడుతున్నాడు. ఆవిణ్ణి చూడగానే లేచాడు. తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడని అతని ముఖమే చెబుతోంది.

"మేడం, గొంతు మార్చొద్దని చెప్పండి. పన్నెండేళ్ళే పెట్టండి. మా పిల్ల ఆగుతుందండి. ఇంకో ఏడేళ్ళే కదా."

"ఈ సినిమాకి మీరేం చేశారు?"

"నేనేం చెయ్యలేదండి. బస్సు నడుపుతాను."

"మరి మీకెందుకండీ ఇంత ఆరాటం? నా బాధంతా మీ పిల్ల గురించే. ఇంటికెళ్ళి వాళ్ళమ్మతో చెప్పండి, ఈ రాత్రికి పక్కలో పడుకోబెట్టుకోమని."

"వాళ్ళమ్మ లేదండి. మొన్న చలికాలంలో పోయింది."

కత్తెరమ్మ పట్టు ఇంకా బిగిసింది. తల్లి లేని పిల్ల. ఎవరు రమ్మన్నా పోతుంది. ఆ చీకటి నోట్లోంచి తప్పించాల్సింది ఇలాంటి పిల్లనే.

"అందుకే చెబుతున్నా బాబూ," అంది గొంతు తగ్గించి. "ఆ దిక్కుమాలిన ముఖమూ ఆ పిలుపూ ఈ పసిదాని మనసులో పడిపోతే ఎలాగ?"

అతను రెండు చేతులతో పిల్ల చెవులు మూశాడు.

"ముఖం కంప్యూటర్‌దేనండి, గొంతు వాళ్ళమ్మది."