తుడిచేకొద్దీ మెరిసిన గోడ

పెరటి గోడకి సున్నం వేసి వారం కాలేదు. తెల్లారేసరికి దాని నిండా వెండి తీగల్లాంటి మెలికలు! గోడ మీద పెత్తనం చేసే ముసలి బల్లికి ఒళ్లు మండింది.

"ఎవతే గోడంతా ఖరాబు చేసింది?"

"నేనే తాతా," అంది నత్తపిల్ల. "ముగ్గులా ఉంటుందని పాకాను."

"ముగ్గులు నేల మీద వేసుకో! పొద్దెక్కేలోగా తుడిచెయ్, లేదా గోడ అవతలికి నడు."

అవతలంతా ఎండకి కాలే బండలే. అక్కడ నత్త ఒక్క పూట కూడా బతకదు. అది ఒళ్లంతా గోడకానించి గీతల మీద రుద్దుకుంటూ పోయింది. తీరా వెనక్కి తిరిగి చూస్తే ఏముంది? తుడిచినంత మేరా కొత్త గీతలు మెరుస్తున్నాయి!

బారుగా పోతున్న చీమలు ఆగిపోయాయి. "ఖరాబేమిటి, పెళ్లిపందిరిలా ఉంటేనూ!" అంది ఒక చీమ.

బల్లి తల అటు వంచి, ఇటు వంచి చాలాసేపు చూసింది. నత్త భయంతో కొమ్ములు లోపలికి లాక్కుంది.

"ఏమేవ్," బల్లి గొంతు సవరించుకుంది. "ఆ పై మూల మరీ బోసిగా ఉంది. అక్కడ కూడా కాస్త తుడువు."

నత్తకి ప్రాణం లేచొచ్చింది. "అలాగే తాతా!" అంటూ పైకి పాకింది.