శరణార్థి సామీ

"షరణార్థీ?" అని అడిగాడు బొంబాయి నుంచి వచ్చిన అసిస్టెంటు, బేతంచెర్ల స్టేషను ముందు మూటల మీద కూర్చున్న జనాన్ని చూసి.

"శరణార్థి సామీ, శరణార్థి," అంటూ సుంకమ్మ లేచి రెండు చేతులూ జోడించింది. వెనకున్న నలభై మందీ జోడించారు.

రాజశేఖర్ పకపకా నవ్వాడు. అతనిది నాపరాళ్ల వ్యాపారం. ఈ హిందీ సినిమాకు జనాన్నీ జాగానూ చూపించే పని నెత్తికెత్తుకున్నాడు. "సార్, మీ దిక్కు శరణార్థి అంటే దిక్కులేనోడు. మా ఆలూరు దిక్కు అది దండం!"

అసిస్టెంటుకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. తలలు లెక్కపెట్టి అందర్నీ ట్రాక్టర్లు ఎక్కించాడు.

"ఐదు గంటల బండి అందల్ల సామీ," అంది సుంకమ్మ. "అది పోతే మేస్త్రీ వేరేవాళ్లను పెట్టుకుంటాడు."

"అందిస్తాంలే అవ్వా. రెండు గంటల పని. అన్నం కూడా పెడతారు," అన్నాడు రాజశేఖర్.

పాత క్వారీ గుంతలో నిలిచిన నీళ్లే సినిమాలో సరిహద్దు నది. డైరెక్టరు మూటలు విప్పించి చూసి మురిసిపోయాడు. సొట్టలు పడ్డ సత్తు గిన్నెలు, దుప్పట్లు, ఎండిన జొన్నరొట్టెలు, కాళ్లు కట్టేసిన ఒక కోడి.

"డోన్ నుంచి యాక్టర్లను ఓబులేసు ఏం ఏరి పంపినాడప్పా!" అన్నాడు రాజశేఖర్. "మూట కట్టడం కూడా నేర్పించినట్టుండాడు."

"ఎవురి కథ సామీ ఇది?" అంది సుంకమ్మ.

"రోహింగ్యాలని, బర్మా వాళ్లు. ఉన్న ఊరొదిలి నది దాటి వచ్చినారు."

"వానలు పడల్యా ఆడ?"

రాజశేఖర్ తల అడ్డంగా ఊపాడు. "వానలు శానా పడతాయవ్వా. మనుషులే తరిమినారు."

సుంకమ్మ గుంత వైపు చూసింది. "నీళ్లుండి కూడా పోవాల్సొచ్చెనా," అంది మెల్లగా.

మూటలు నెత్తిన పెట్టుకొని నీళ్ల అంచున నడిచారు. ఒక్కరూ కెమెరా వైపు చూడలేదు. డైరెక్టరు "కట్!" అన్నాడు. మళ్లీ నడిపించాడు. మళ్లీ "కట్!"

"కట్ అంటే ఏంది సామీ?"

"కోత అవ్వా."

"కోతకే గదా సామీ మేం పోతాండేది! బండి టయమైతాంది, ఇడ్సు సామీ."

"నాకంటే ఘనురాలివే! మాటకు మాట అంటిస్తాండావే!" అని చప్పట్లు కొట్టాడు రాజశేఖర్.

మూడోసారి నడుస్తుండగా గట్టు అవతల గుంటూరు బండి కూత వేసింది. సుంకమ్మ కెవ్వుమని అరిచి పరుగెత్తింది. ఆమె వెనకే అందరూ. కంబన్న తాత రాళ్ల మీద పడి, మోకాళ్లు చీరుకుపోయినా లేచి పరుగెత్తాడు. పసిపిల్లలు గుక్కపెట్టి ఏడ్చారు. గట్టెక్కేసరికి బండి చివరిపెట్టె కొండ మలుపు తిరుగుతోంది. "మా బతుకు పాయ సామీ!" అని సుంకమ్మ కూలబడి నేలను బాదింది.

డైరెక్టరు ఈసారి కట్ చెప్పలేదు. "ఇలాంటి నటన నా జన్మలో చూడలేదు," అని కళ్లు తుడుచుకున్నాడు.

పొంగిపోతూ రాజశేఖర్ కూడా గట్టెక్కాడు. గుంతలో సిగ్నల్ లేక మూగబోయిన ఫోను అప్పుడు మోగింది. ఓబులేసు.

"అన్నా, బస్సు చెడిపోయె, మన యాక్టర్లు ఇంకా డోన్‌లోనే ఉండారు."