ఒక్క చేతి పాలన

"బుధ్రాను తీసేస్తే ఊరికి నీళ్ల మోటారు ఎవరు వేస్తరు?" టీ గ్లాసులు పెడుతూ కోసి అడిగింది.

"పాలన సంగతి నీకెందుకే? లోపలికి పో," అన్నాడు ఆమె భర్త సుక్కా.

కోసి పోలేదు. గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

తునికాకు ధర పడిపోయింది. పైనుంచి వచ్చే నిధులు ఆగిపోయాయి. కిష్టారం పక్కనున్న ఆ పంచాయతీలో మాడిపోయిన వీధి బల్బు మార్చే దిక్కు లేదు. ఇలాంటి రోజుల్లో ఊరిని గట్టెక్కించే తెలివి తన వెంట ఉన్నందుకు సుక్కా లోలోపల పొంగిపోయాడు. ఆ తెలివి ఎదురుగా రెండు కుర్చీల్లో కూర్చుని టీ తాగుతోంది. ఒకటి కాంట్రాక్టర్ చక్రధరరావు, ఇంకొకటి కిరాణా కొట్టు వీరేందర్.

"సర్పంచ్ సాబ్, బుధ్రా కొలువు తీసుడుతోని ఆగొద్దు," అన్నాడు చక్రధరరావు. "నీళ్ల కమిటీ, బడి కమిటీ, అన్నీ రద్దు చెయ్. పది మంది పది మాటలంటే ఖర్చు తగ్గుతదా?"

"వార్డు మెంబర్లు ఊకుంటరా?" అడిగాడు సుక్కా.

"ఆళ్లను అడిగేదేంది?" వీరేందర్ అప్పటికే తీర్మానం రాసేశాడు. "కొలువు ఇచ్చుడు, తీసుడు, పైసలు ఖర్చు పెట్టుడు, అన్నీ సర్పంచ్ ఒక్కరి చేతిల్నే. జగదల్‌పూర్ల పెద్ద సాబులకు గూడ ఇంత పవర్ లేదు."

సుక్కా ఆ కాగితం మూడుసార్లు చదివించుకున్నాడు. విన్న ప్రతిసారీ మీసం మీదికి చెయ్యి పోయింది.

మర్నాడు గ్రామసభ. కొత్తగా బదిలీ మీద వచ్చిన అధికారిణి రాజ్యశ్రీ తీర్మానం చదువుతుంటే బుధ్రా తల వంచుకుని విన్నాడు. చక్రధరరావు ఒకటికి రెండు చేతులెత్తాడు. ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తే చాలునని ఊరు కూడా ఎత్తింది.

"పాసైంది," అంది రాజ్యశ్రీ. "ఈరోజు నుంచి సర్పంచ్ మాటే మాట. సర్పంచ్ సంతకం పెట్టాలి."

సుక్కా పెద్ద కుర్చీలోంచి లేవకుండానే పెన్ను తీసి చెయ్యి చాచాడు.

రాజ్యశ్రీ కాగితం ఇవ్వలేదు. "మీ సంతకం దేనికి? మీరెవరు?"

ఆడవాళ్ల వరసలోంచి కోసి లేచి వచ్చి, సుక్కా చేతిలోని పెన్ను తీసుకుని సంతకం పెట్టింది.

"ఓట్లల్ల గెలిచిన సర్పంచ్‌ను నేను మేడం, ఈయన నా మొగుడు," అంది. "బుధ్రా, పోయి మోటారు వెయ్. ఏమయ్యా, నువ్ లే. ఆ కుర్చీ నాది."