గాజు పొట్టల జాతి

"దూరంగా ఓ నక్షత్రంలో మనుషులకి పొట్టలు గాజువిరా అంకారావూ. ఎవరేం తిన్నారో బయటికి కనపడుద్ది" అన్నాడు ఆదిశేషయ్య. చెప్పాపెట్టకుండా బస్సెక్కి, తిరువూరులో అన్నకొడుకింటికి సరిగ్గా భోజనాల వేళకి దిగాడాయన.

"చంద్రుడి మీదికి వెళ్లినోళ్లకే ఎవరూ కనపడలా. విస్సన్నపేటలో కూర్చున్న నీకు కనపడ్డారా బాబాయ్?" అంటూ అంకారావు ఖాళీ కంచం ముందుకు జరిపాడు.

పొద్దుటి నుంచి చేలో పత్తి తీసి వచ్చిన అతని భార్య మాణిక్యమ్మ మళ్లీ అన్నం వడ్డించింది. మగవాళ్లు లేచాకే ఆవిడ తినాలి.

"ఒకప్పుడు వాళ్లూ మనలాగే ఉండేవాళ్లు. ఆడాళ్లు తినకుండానే తిన్నామంటున్నారని దేవుడు పొట్టలు మార్చేశాడు. ఇప్పుడు పెళ్లాం పొట్ట నిండితేగాని మొగుడు కంచం ముట్టడు" అన్నాడు ఆదిశేషయ్య.

"సిగ్గులేని జాతి. పెళ్లాం తిన్నాక మిగిలింది తినేవాడూ ఒక మగాడేనా?"

"అదే మరి. అమ్మాయ్, ఇంకాస్త పెట్టు."

మాణిక్యమ్మ గిన్నె గీకి, అడుగున ఉన్న మెతుకులు కూడా ఆయన కంచంలో వేసింది. ఖాళీ గిన్నె తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.

"గాజు పొట్టలెందుకు మావయ్యగారూ? ఈ గిన్నెకి మూత కూడా లేదు. ఇందాకట్నుంచీ మీరిద్దరూ దీని ముందే కూర్చున్నారు."

అంకారావు అప్పుడు గిన్నెలోకి చూశాడు.