ఇరవై మూడో సీసా

"అయ్యగారూ, గీసారి పక్కా," అంటూ శాంసన్ ఇరవై మూడో సీసాను చర్చి మెట్ల మీద పెట్టాడు.

పాస్టర్ సుందర్ రావు గారు ఆ సీసా వంక అనుమానంగా చూశారు. ఆయన అనుమానానికి కారణం ఉంది. శాంసన్ ఒక గ్రీజు ఫ్యాక్టరీ ల్యాబులో పాతికేళ్లు పనిచేసి వచ్చినవాడు. మడికొండలో ఇల్లు కట్టుకుని, పై గదిని ప్రయోగశాల చేసుకున్నాడు. అతను కనిపెట్టిన సబ్బుపొడితో చర్చి తెరలు ఉతికితే మరకలు పోయాయి, వాటితో పాటు రంగూ పోయింది. పాస్టర్ గారి స్కూటర్ ఇంజన్ ఆయిల్లో అతను ఏదో మందు కలిపితే, దోమల పొగబండి వచ్చిందనుకుని వీధి వీధంతా కిటికీలు మూసుకుంది.

అయినా శాంసన్ తప్ప దిక్కులేదు. చర్చి తలుపు అలాంటిది.

రెండు రెక్కల పాత టేకు తలుపు. చెయ్యి వేస్తే చాలు, మడతబందులు కిర్రుమని వీధి చివరిదాకా వినిపిస్తాయి. ప్రసంగం మధ్యలో ఆ చప్పుడు వచ్చినా పాస్టర్ గారు ఓర్చుకునేవారు. ముగింపు ప్రార్థనలో వస్తే మాత్రం విలవిల్లాడిపోయేవారు. ఆ ప్రార్థనంటే ఆయనకు ప్రాణం. ఆదాము దగ్గర మొదలుపెట్టి, ప్రవక్తలందరినీ తలచుకుని, దేశాన్నీ రాష్ట్రాన్నీ దాటి, కేసముద్రం మార్కెట్లో పత్తి ధర దాకా రావాలి. కళ్లు మూసుకుని అలా సాగిపోతుంటే, ఫోన్ వచ్చిందని ఒకరు, పిల్ల ఏడ్చిందని ఒకరు తలుపు ముట్టుకునేవారు. కిర్ర్ర్! ఆయన ఉలిక్కిపడి కళ్లు తెరిచేవారు. పట్టు తప్పేది. మళ్లీ ఆదాము దగ్గరికి పోవలసి వచ్చేది.

పంతొమ్మిదేళ్లలో ఆ ప్రార్థన ఒక్కనాడూ ఆయన అనుకున్నట్టు చివరిదాకా నడవలేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తెగకుండా చేయాలని ఆయన కోరిక. ఆ మాట భార్య ఎస్తేరమ్మతో చెప్పుకుని కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నారు.

"మీరు జర ఊకోండ్రి. ఏం ఫికర్ చెయ్యకుండ్రి," అంది ఆమె. "శాంసన్ తమ్మునికి నేను చెప్త. ఆ తలుపు సంగతి తేలాల్సిందే."

ఆ తర్వాత సంఘం చూపిన శ్రద్ధకు పాస్టర్ గారి మనసు నిండిపోయింది. ఏ పని చెప్పినా "సూద్దాం అయ్యగారూ" అని జారుకునే జనం, తలుపు పని అనేసరికి నడుం బిగించారు. కుర్చీలు జరిపితే చప్పుడవుతోందని స్త్రీల సమాజం వాళ్లు కొత్తవాడ నుంచి జంపఖానాలు తెచ్చి పరిచారు. యువజనులు వంతులు వేసుకుని మడికొండ వెళ్లి, శాంసన్ సీసాలు కడిగిపెట్టారు. నడుం వంగిన సమ్మమ్మ ఇంట్లో ఉన్న ఆముదమంతా పట్టుకొచ్చింది.

"ఇగో, తీస్కో బిడ్డా. నా పానం పోకముందు ఆ సప్పుడు బందైతే సాలు," అంది శాంసన్‌తో.

ముసలిదానికి ప్రార్థన మీద ఎంత ఆశ అనుకున్నారు పాస్టర్ గారు.

ఆముదం రెండు రోజులు కూడా ఆగలేదు. శాంసన్ మొదటి సీసా నూనె వారం తిరక్కుండా ఎండిపోయింది. తొమ్మిదో దానికి దుమ్ము పట్టి, తలుపు మరింత గొంతు పెంచింది. పద్నాలుగోది కారిపోయి ఒక పెళ్లికూతురి చీర పాడుచేసింది. అయినా ఎవరూ శాంసన్‌ను ఒక్క మాట అనలేదు. "ఇంకోటి చెయ్ అన్నా" అని వెన్ను తట్టారు.

ఇప్పుడు ఇరవై మూడోది.

"నూనెదేమున్నది అయ్యగారూ, యాడనైన దొరుకుతది. అండ్ల కలిపే మందుల్నే ఉన్నది అసలు సంగతి," అన్నాడు శాంసన్. "ఇనుముకు ఇనుము తాకకుంట నడుమ ఒక పొర నిలవాలె. ఇన్నొద్దులు ఆ పొర జారిపోయింది. గీసారి పట్టుకున్నది."

ఒక్కో బందులో మూడేసి చుక్కలు వేశాడు. సంఘపెద్ద కొమురెల్లి తలుపును పదిసార్లు తెరిచి మూసి చూశాడు. కిక్కురుమంటే ఒట్టు.

"పిల్లి నడిసినట్టున్నది!" అని మురిసిపోయాడు కొమురెల్లి. ఎస్తేరమ్మ రెండు చేతులూ పైకెత్తి "స్తోత్రం!" అంది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. ఏడాదికోసారి కనిపించే మొహాలు కూడా కనిపించాయి. పాస్టర్ గారు ప్రసంగం ముగించి, "కళ్లు మూసుకుందాం" అన్నారు.

ఆదామును దాటారు. నోవహును దాటారు. అబ్రాహాము దగ్గర ఆయన భయంభయంగా చెవులు రిక్కించారు. తలుపు నోరు మెదపలేదు. ఇక ఆయన గొంతు లేచింది. పెద్ద ప్రవక్తలు, చిన్న ప్రవక్తలు, దేశం, రాష్ట్రం, దవాఖానలో ఉన్నవాళ్లు పేరుపేరునా, పరీక్షలు రాసే పిల్లలు, వానలు, పత్తి ధర. ఏనాడూ చేరుకోని మిర్చి ధరకు కూడా చేరుకున్నారు. తన ప్రార్థన కోసం ఇంత పాటుపడిన సంఘాన్ని తలచుకున్నారు. ఆ సంఘాన్నీ, శాంసన్ చేతులనూ దీవించమని దేవుణ్ణి బతిమాలుకున్నారు.

గంటా పది నిమిషాలు. ఒక్క కిర్రు లేదు.

"ఆమేన్!" అంటూ, పంతొమ్మిదేళ్ల కోరిక తీరిన ఆనందంతో పాస్టర్ గారు కళ్లు తెరిచారు.

చర్చిలో ఒక్కరంటే ఒక్కరు లేరు, ఎస్తేరమ్మ కూడా.